కడుపులో ఉన్నది ఎన్నో వారంలో 'మనిషి' అవుతుంది? (జార్జియా ట్యాక్స్ ఫారం నుంచి మన సుప్రీంకోర్టు దాకా)

#1 అట్లాంటా_అల్లుడు
మా ఆవిడకు ఆరో నెల. మొన్న రాత్రి ట్యాక్స్ పేపర్లు ముందేసుకుని కూర్చున్నాం. ఫైల్ చేసిపెట్టే అన్న ఫోన్లో "డిపెండెంట్లు ఎంతమంది?" అన్నాడు. ఇంకా ఎవరూ లేరన్నా అన్నాను. "డిసెంబరు 31 లోపు స్కాన్‌లో గుండె చప్పుడు వినిపించిందా?" అని అడిగాడు. వినిపించింది అన్నాను. "అయితే జార్జియాకు ఒకరున్నట్టే, వేసేద్దాం" అన్నాడు. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నా. కాదు, నిజమే. 2019లో చేసిన చట్టం 2022 జులైలో అమల్లోకి వచ్చింది. కడుపులో బిడ్డను కూడా 'మనిషి' అనే మాట కిందికి తెచ్చేశారు. మొదట 3,000 డాలర్ల మినహాయింపు పెట్టారు, తర్వాత పెంచారు కూడా.

దాని పక్కనే ఫెడరల్ ఫారం ఉంది. అందులో ఆ బిడ్డ లేదు. పుడితేనే లెక్క. మా ఆవిడ రెండు ఫారాలూ చూసి, "అంటే స్టేట్‌కి నేను ఇద్దరిని, దేశానికి ఒక్కదాన్ని" అంది.

అప్పటినుంచి బుర్రలో తిరుగుతోంది. మన దగ్గర అబార్షన్‌కు 24 వారాలు అంటారు కదా, ఆ 24 ఎక్కడిది? ఆ రోజు లోపల ఏదైనా స్విచ్ పడుతుందా? 2023లో సుప్రీంకోర్టులో 26 వారాల కేసు మీద పెద్ద గొడవ జరిగింది, అది కూడా నాకు సరిగా అర్థం కాలేదు. చట్టం తెలిసినవాళ్ళు, డాక్టర్లు చెప్పండి. కొట్టుకోకుండా.

#2 చింతచిగురు
ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు. మీకు ఆలూ ఉంది, చూలూ ఉంది, సోమలింగానికి ట్యాక్స్ మినహాయింపు కూడా వచ్చేసింది. ఇంకేం కావాలి బ్రో.

#3 డల్లాస్_దొర
మీ జార్జియా ఒక్కటే అనుకోకండి. 2022 జూన్ 24న అబార్షన్‌ను రాజ్యాంగ హక్కు చేసిన రో తీర్పును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసిందా, అదే నెల 29న మా డల్లాస్‌లో ఒకావిడను హెచ్‌ఓవీ లేన్‌లో పోలీసులు ఆపారు. కార్లో ఇద్దరుంటేనే ఆ లేన్‌లో వెళ్ళాలి. "రెండో మనిషి ఎక్కడ?" అంటే ఆవిడ పొట్ట చూపించింది. 34 వారాలు. టెక్సాస్ క్రిమినల్ చట్టంలో కడుపులో బిడ్డ కూడా వ్యక్తే. ట్రాఫిక్ చట్టంలో ఆ మాట లేదు. 215 డాలర్ల టికెట్ రాశారు, తర్వాత అది కొట్టేశారు. ఆఫీసులో అందరం తెగ నవ్వుకున్నాం, కానీ ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది?

#4 వరంగల్_వకీలు
అల్లుడు గారూ, స్విచ్ ఏమీ పడదు. మన ఎంటీపీ చట్టం (అబార్షన్ చట్టం) వారాల్లో మాట్లాడుతుంది గానీ, బయటికి వస్తే బతుకుతుందా బతకదా అన్న మాట ఎత్తదు. 1971లో గరిష్ఠంగా 20 వారాలు. 2021 సవరణ తర్వాత 20 దాకా ఒక డాక్టరు సంతకం చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు డాక్టర్లు, అది కూడా కొందరికే: అత్యాచార బాధితులు, మైనర్లు, మధ్యలో భర్త పోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు, బిడ్డలో పెద్ద లోపం బయటపడినవాళ్ళు, ఇలా. పెళ్ళికానివాళ్ళకూ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. 24 దాటితే మెడికల్ బోర్డు తేల్చిన తీవ్రమైన లోపం ఉండాలి. తల్లి ప్రాణానికే ముప్పు అయితే వారాల లెక్క లేదు. ఇంకోటి, చాలామందికి తెలియదు: పద్దెనిమిది నిండిన ఆవిడ సంతకం ఒక్కటే కావాలి, మొగుడి సంతకం అడగకూడదు. అయినా అడుగుతూనే ఉంటారు.

ఇక 'మనిషా కాదా' అంటే, మన చట్టం ఒకచోట ఔనంటుంది, ఒకచోట కాదంటుంది. పాత శిక్షాస్మృతి ఐపీసీ 299లో (ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 100) కడుపులో బిడ్డ చావుకు కారణమైతే అది నరహత్య కాదని రాసి ఉంది. కానీ కాన్పులో బిడ్డ ఒంట్లో ఏ భాగమైనా బయటికి వచ్చిందా, ఊపిరి తీయకపోయినా సరే, ఇక నరహత్య కావచ్చు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 20 చూడండి. తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ ప్రాణంతో పుడితే, అప్పటికే పుట్టి ఉన్నట్టుగా వాటా వస్తుంది.

నా దగ్గరికే ఒక కేసు వచ్చింది. మనిషి ట్రాక్టర్ కింద పడి పోయాడు, భార్యకు ఐదో నెల. పెద్దకర్మ అయిన మర్నాడే పాలివాళ్ళు పంపకాల కాయితం తెచ్చారు. ఆ అమ్మాయి ఒక చేత్తో పొట్ట పట్టుకుని నా బల్ల ముందు కూర్చుని, "సార్, వీడికి వాటా ఉందా" అని అడిగింది. ఉందమ్మా, ప్రాణంతో పుడితే ఉంది అన్నాను. ఆ 'పుడితే' దగ్గర ఆమె ముఖం చూసి, ఆ మాట మెల్లగా చెప్పాల్సింది అనుకున్నాను.

#5 లకిడీకాపూల్_లక్ష్మి
వకీలు గారు సెక్షన్లు చెప్పారు, బాగుంది. నాది సూటి ప్రశ్న. గుండె కొట్టుకుంటోంది. దాన్ని ఆపుతున్నారు. ఏ వారమైతే ఏంటి? నాకు పదకొండేళ్ళు పిల్లల్లేరు. ఐవీఎఫ్ మూడోసారికి స్కాన్ రూంలో ఆ టకటక విన్నాను. అది ప్రాణం కాదని ఎవరు చెప్పినా నా చెవులు ఒప్పుకోవు.

#6 తీర్పుల_పిచ్చోడు
అల్లుడు గారు అడిగిన 26 వారాల కేసు. పెళ్ళయిన ఆవిడ, వయసు 27, ఇద్దరు పిల్లలు. చిన్నది ఇంకా పాలు తాగుతోంది, ఆ సమయంలో నెలసరి రాకపోవడం మామూలే కాబట్టి గర్భం వచ్చిన సంగతే ఆలస్యంగా తెలిసింది. రెండో కాన్పు తర్వాతి మానసిక సమస్యకు మందులు వాడుతోంది. 2023 అక్టోబరు 9న జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ నాగరత్న బెంచ్ గర్భం తీసేయడానికి సరే అంది. (కోహ్లి గారు అంతకుముందు మన తెలంగాణ హైకోర్టుకు చీఫ్ జస్టిస్.)

మర్నాడు ఎయిమ్స్ డాక్టరు దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఈ వయసులో బిడ్డ ప్రాణంతో బయటికి వచ్చే అవకాశం గట్టిగా ఉంది, ముందే గుండె ఆపమంటారా వద్దా, కోర్టే చెప్పాలి అని. 11న జడ్జిలు ఇద్దరూ చెరోదారి పట్టారు. గుండె ఆపమని ఏ కోర్టు చెబుతుంది అన్నారు కోహ్లి. తల్లి లేకుండా ఆ పిండానికి విడి అస్తిత్వమే లేదు, ఆమె నిర్ణయమే లెక్క అన్నారు నాగరత్న. 16న చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ ముగ్గురు జడ్జిల బెంచ్ పిటిషన్ కొట్టేసింది. 26 వారాల 5 రోజులు, లోపం లేదు, తల్లికి తక్షణ ప్రమాదం లేదు, కాబట్టి చట్టం ఒప్పుకోదు. కాన్పు ఖర్చు ప్రభుత్వానిది, దత్తత ఇవ్వాలా వద్దా తల్లిదండ్రుల ఇష్టం.

గమనించండి, 'పిండం ఒక వ్యక్తి' అని ఎక్కడా తీర్పు ఇవ్వలేదు. ఆ గుంటలో కాలు పెట్టకుండా పక్కనుంచి వెళ్ళిపోయారు.

#7 చింతచిగురు
@తీర్పుల_పిచ్చోడు అంటే వారంలో మూడు జవాబులా? ఆవిడ పరిస్థితి ఏమై ఉంటుందో. గోరుచుట్టు మీద రోకటిపోటు.

#8 ఎన్‌ఐసీయూ_నాన్న
లక్ష్మి గారి మాట చదివాక రాయాలనిపించింది. మా పాప 27 వారాల 2 రోజులకు పుట్టింది. 920 గ్రాములు. అంటే ఆ కేసులోని బిడ్డకు, మా పాపకు నాలుగు రోజులే తేడా. అతిచిన్న డైపర్ కూడా పెద్దదైపోతే నర్సమ్మ గాజుగుడ్డ మడిచి కట్టేది. చర్మం తడి కాయితంలా ఉండేది, వేలు పెట్టాలంటే భయం. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి సర్ఫాక్టెంట్ వేయాలన్నారు, చిన్న సీసా పద్నాలుగు వేలు. అర్ధరాత్రి మందుల షాపువాడు కార్డు మెషిన్ పనిచేయదన్నాడు. ఏటీఎం వెతుక్కుంటూ విజయవాడ రోడ్ల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తాను. చెప్పులు ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) గుమ్మం దగ్గర విడిచానని ఏటీఎం దగ్గర తెలిసింది.

68 రోజులు. నాలుగో వారంలో కంటి డాక్టరు వచ్చి చూశారు, ఆర్‌ఓపీ (నెలలు నిండని పిల్లలకు వచ్చే రెటీనా జబ్బు) అన్నారు, లేజర్ చేశారు. ఎకరం పొలం పోయింది. పాప ఇప్పుడు రెండో తరగతి, కళ్ళద్దాలు పెట్టుకుని అందర్నీ దబాయిస్తుంది.

కానీ లక్ష్మి గారూ, నేను మీ పక్షం కాదు. ఆ 68 రోజులు ఆ బిడ్డ మాకు కావాలి కాబట్టి తట్టుకున్నాం. ఇష్టం లేని మనిషితో అది చేయించగలమా అంటే నా నోరు రాదు.

#9 బెజవాడ_ఏడోనెల
నేను ఏడో నెలలో పుట్టాను. మా బాబాయ్ ఇప్పటికీ ఏ పని చెడినా "నెల తక్కువ వెధవా" అంటాడు. లెక్క తప్పు బాబాయ్, రెండు నెలలు తక్కువ.

#10 నైట్‌డ్యూటీ_నర్సు
#8 నాన్నగారికి దండం. కానీ ఒక్కటి చెప్పాలి. ఆయన పాప నగరంలో పుట్టింది. నేను జిల్లా ఆస్పత్రి ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసిపిల్లల వార్డు) చేశాను. ఏజెన్సీ నుంచి 27 వారాల నొప్పులతో వస్తారు, 108లో రెండున్నర గంటలు. ముందే స్టెరాయిడ్ ఇంజక్షన్లు పడితే ఊపిరితిత్తులు కాస్త గట్టిపడతాయి, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు పడాలి. చాలాసార్లు ఒకటి పడేలోపే కాన్పు అయిపోతుంది. బిడ్డ అదే, వారాలు అవే. పుట్టిన చోటు వేరు. ఇప్పుడు 'బతకగలిగే వయసు' అని గీత గీస్తే ఎవరి ఆస్పత్రిని చూసి గీయాలి? ఎయిమ్స్‌నా, మాదా?

ఇంకో మాట. మన జనన మరణాల రిజిస్ట్రేషన్ నిబంధనల్లో మృతశిశువు అని రాయాలంటే 28 వారాలు నిండాలి. 27 వారాలకు కడుపులోనే పోతే రిజిస్టర్‌లో ఎక్కదు. ఒకాయన నన్ను అడిగాడు, "సిస్టర్, ఏదో ఒక కాయితం ఇవ్వండి, వీడు ఉన్నాడని" అని. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. కేస్ షీట్ జిరాక్స్ ఇచ్చాను.

#11 తీర్పుల_పిచ్చోడు
@నైట్‌డ్యూటీ_నర్సు ఈ కోణం నాకు తట్టలేదు. 26 వారాల 5 రోజులకు కోర్టు దృష్టిలో కాపాడాల్సిన ప్రాణం. అదే రోజు అదే బిడ్డ కడుపులో పోయి ఉంటే రిజిస్టర్‌లో పేరే ఉండదు.

#12 స్కాన్‌రూం
సోనాలజిస్టుని, అంటే స్కాన్ తీసే డాక్టర్ని. రెండు ముక్కలు.

ఒకటి, వారాల లెక్క మీద అందరికీ ఉన్నంత నమ్మకం మాకు ఉండదు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క కడతాం, అంటే మొదటి రెండు వారాలు గర్భమే లేదు. మూడో నెలలో స్కాన్ ఉంటే తేదీ గట్టిగా చెప్పగలం. ఐదో నెల దాటాక మొదటిసారి వచ్చినవాళ్ళకు వారం పదిరోజులు అటూ ఇటూ ఉంటుంది. 23 వారాల 6 రోజులా, 24 వారాల 1 రోజా అని కోర్టులో కొట్టుకుంటుంటే నాకు టెన్షన్, ఆ అంకె వేసింది నా మెషినే కదా.

రెండోది, బతకగలగడం అనేది బిడ్డ గుణం కాదు, కాలం గుణం. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కొడుకు పుట్టాడు. ఐదున్నర వారాలు ముందు. రెండు కిలోల పైనే బరువు. ఊపిరితిత్తులు విచ్చుకోక 39 గంటల్లో పోయాడు. ప్రపంచంలోకెల్లా బలవంతుడి కొడుకు! అదే 34 వారాల బిడ్డ ఇవాళ పుడితే, సిస్టర్ గారి జిల్లా ఆస్పత్రి నుంచి కూడా మామూలుగా ఇంటికి వెళ్తాడు. 1973లో రో తీర్పు రాసినప్పుడు బతకగలిగే వయసు దాదాపు 28 వారాలు, 24 కూడా కావచ్చు అన్నారు. 1992లో అదే కోర్టు ఇచ్చిన కేసీ తీర్పు నాటికి 23, 24 అన్నారు. 2020 జులైలో అలబామాలో 21 వారాల 1 రోజుకు, 420 గ్రాములతో పుట్టిన బాబు బతికాడు. కవలల్లో ఒకడు, రెండో బిడ్డ దక్కలేదు. అలా బతికేవాళ్ళు ఎంత అరుదో మాకు తెలుసు, కానీ గీత మాత్రం జరుగుతూనే ఉంది.

#13 డల్లాస్_దొర
అందుకే కదా 2022లో రోను కొట్టేసిన డాబ్స్ తీర్పులో ఆ గీతనే తీసిపారేశారు. మెషిన్లు మారితే మారే గీతకు రాజ్యాంగంలో ఏం పని అని. ఆ వాదన నాకు సబబుగానే అనిపించింది. దాని బదులు ఏం వచ్చిందన్నది వేరే కథ.

#14 రిటైర్డ్_తెలుగు_మాస్టారు
మన పెద్దలు ఈ చర్చ ఎప్పుడో చేశారు. గర్భోపనిషత్తు ఏడో మాసంలో జీవుడు చేరతాడంటుంది. అటువైపు చూస్తే ప్రహ్లాదుడు తల్లి కడుపులోనే నారదుడి ఉపదేశం విన్నాడు, అభిమన్యుడు పద్మవ్యూహం సగం నేర్చుకున్నాడు. అంటే శాస్త్రం ఒకటి చెప్పింది, కథ ఒకటి చెప్పింది. మా అమ్మ అయితే "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అనేది.

#15 నైట్‌డ్యూటీ_నర్సు
మాస్టారూ, ఉపనిషత్తు సంగతి నాకు తెలియదు గానీ ఎనిమిదో నెల మాట మాత్రం తప్పు. ఎనిమిదో నెల బిడ్డే ఎక్కువగా బతుకుతుంది. ఆ మాట నమ్మి, ఎనిమిదో నెలలో పుట్టినవాడిని "ఎలాగూ దక్కడు" అని ఇంటికి తీసుకెళ్ళిపోతామన్నవాళ్ళను చూశాను. దయచేసి వ్యాపింపచేయకండి.

#16 రిటైర్డ్_తెలుగు_మాస్టారు
తప్పు ఒప్పుకుంటున్నానమ్మా. మా అమ్మ మాట అని రాశాను, నేను నమ్మి కాదు.

#17 కాలిపర్_కృష్ణ
ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కరికీ తట్టని సంగతి ఒకటుంది. నేను వెన్నుపూస లోపంతో పుట్టాను. కాలిపర్లతో నడుస్తాను, బ్యాంకులో ఉద్యోగం చేస్తాను, ఈఎంఐలు కడతాను, మీలాగే.

ఇప్పుడు చట్టం చూడండి. 24 వారాలు దాటిన బిడ్డ ఆరోగ్యంగా ఉంటే కాపాడాలి. లోపం ఉంటే బోర్డు సరే అంటే తీసేయొచ్చు. రెండూ అవే వారాలు. రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయి. ఎయిమ్స్ ఈమెయిల్‌లో ఉన్న బిడ్డకు జడ్జిలు అంత మథనపడ్డారు. నాలాంటి వెన్ను ఉన్న బిడ్డకు ఏ జడ్జీ ఆ ప్రశ్న వేయడు. కాబట్టి ఇది 'బతకగలదా' అన్న గీత కాదు, 'మనిషా' అన్న గీత కూడా కాదు. ఎలాంటి మనిషి అన్న గీత.

నేను అబార్షన్‌కు వ్యతిరేకం కాదు. ఆడవాళ్ళ నిర్ణయం అంటే పూర్తిగా ఆడవాళ్ళ నిర్ణయం అనండి, ఒప్పుకుంటాను. బిడ్డ హక్కు అంటే నాకూ ఆ హక్కు ఇవ్వండి. ఈ మధ్యరకం లెక్కే మింగుడు పడదు.

#18 చింతచిగురు
...

ఇంతసేపు జోకులేశాను. #17కి ఏం రాయాలో తెలియడం లేదు.

#19 వరంగల్_వకీలు
కృష్ణ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, సంజాయిషీ మాత్రం ఉంది. 1971 చట్టం హక్కుల చట్టం కాదు, డాక్టర్లను జైలు నుంచి కాపాడే చట్టం. ఇప్పటికీ గర్భస్రావం బీఎన్‌ఎస్ 88 కింద నేరమే. తనంతట తాను చేసుకున్న స్త్రీ కూడా అందులోకి వస్తుంది. మూడేళ్ళ దాకా శిక్ష, బిడ్డ కదలిక తెలిసిన తర్వాతైతే ఏడేళ్ళ దాకా. ఆ 'కదలిక' గీత 1860 నాటిది, అప్పుడు స్కాన్ లేదు, తల్లి చెప్పిందే సాక్ష్యం. ఎంటీపీ చట్టం దానికి పెట్టిన మినహాయింపుల జాబితా. మినహాయింపుల్లో సిద్ధాంతం వెతికితే దొరకదు.

పైగా కోర్టుల్లో కూడా ఒకే తీరు ఉండదు. 2021లో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన పదహారేళ్ళ అమ్మాయికి 26 వారాలప్పుడు అనుమతి ఇచ్చింది, పిండం ప్రాణాన్ని ఆ పిల్ల ప్రాణం కంటే ఎత్తున పెట్టలేం అని. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, భర్త పోయిన ఒకావిడకు 29 వారాలప్పుడు ఇచ్చిన అనుమతిని మూడు వారాల లోపే వెనక్కి తీసుకుంది.

#20 కొత్తపేట_కుర్రాడు
టాపిక్‌కి సంబంధం లేదు గానీ, ఏ వారంలో ఆడో మగో తె—

[ఈ పోస్టులో మిగిలిన భాగం తొలగించబడింది. మోడరేటర్: లింగ నిర్ధారణ ప్రశ్నలు ఇక్కడ వేయొద్దు. 1994 నుంచి చట్టం ఉంది. ఇంకోసారి అడిగితే ఐడీ పోతుంది.]

#21 లకిడీకాపూల్_లక్ష్మి
చూశారా, ఇందుకే అంటున్నా. కడుపులో బిడ్డ మనిషి అని ఒక్కమాట రాసి ఉంటే ఆడపిల్లల్ని ఇలా తీసేసేవాళ్ళా?

#22 వరంగల్_వకీలు
తీసేసేవాళ్ళే లక్ష్మి గారూ. పీసీపీఎన్‌డీటీ చట్టం (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) బిడ్డ మనిషి అన్న పాయింటు మీద నిలబడలేదు. అది కట్టడి చేసేది స్కానింగ్ సెంటర్‌ను, మెషిన్‌ను, స్కాన్ వివరాలు రాయాల్సిన ఫారం ఎఫ్ నింపని డాక్టర్ను. తల్లిని ముద్దాయిని చేస్తే సాక్ష్యం చెప్పే మనిషే పోతుంది.

#23 గాల్వే_గోదావరి
ఐర్లండ్ నుంచి. 'పిండానికీ తల్లికీ సమాన హక్కు' అని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం ఇది, 1983లో. 2012 అక్టోబరులో సవితా హలప్పనవర్ ఇక్కడే చనిపోయారు. మన పొరుగు బెళగావి వైపు అమ్మాయి, డెంటిస్టు. 17 వారాలు, గర్భం నిలవదని తేలిపోయింది, ఆవిడే తీసేయమని అడిగింది. గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆగారు. ఇన్ఫెక్షన్ ఆగలేదు. ఆ 17 వారాల బిడ్డ ఏ ఆస్పత్రిలోనూ బతకదు. 2018 రెఫరెండంలో 66.4 శాతం మంది ఆ సవరణ తీసేయమన్నారు. అంతకుముందు ఎన్నడూ రాజకీయం మాట్లాడని మా ఇంటి ఓనరమ్మ, ఎనభై ఏళ్ళావిడ, ఆ రోజు పొద్దున్నే కోటు వేసుకుని నా తలుపు కొట్టి, "మీ అమ్మాయి కోసం వెళ్తున్నా" అంది.

#24 డల్లాస్_దొర
@లకిడీకాపూల్_లక్ష్మి కోపం తెచ్చుకోకండి, అడగాలని ఉంది. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు ఫ్రీజర్‌లో ఉన్న ఐవీఎఫ్ ఎంబ్రియోలు (పిండాలు) కూడా 'పిల్లలే' అంది. 2020లో ఎవరో పేషంటు స్టోరేజీ గదిలోకి వెళ్ళి వాటిని చేత్తో పట్టుకుంటే, ఆ చలికి చెయ్యి కాలి కింద పడేశాడు. ఆ తల్లిదండ్రులు 1872 నాటి చట్టం కింద దావా వేశారు. తీర్పు వచ్చాక అక్కడి ఐవీఎఫ్ సెంటర్లు భయపడి పని ఆపేశాయి. మార్చి 6కల్లా వాళ్ళను కాపాడటానికి అసెంబ్లీ హడావిడిగా ఇంకో చట్టం చేయాల్సివచ్చింది. మీరు ఐవీఎఫ్ చేయించుకున్నారు కదా. మిగిలినవి?

#25 చింతచిగురు
దొరా, ఇది అడిగే పద్ధతేనా?

#26 లకిడీకాపూల్_లక్ష్మి
అడగనీయండి. న్యాయమైన ప్రశ్నే.

మూడు మిగిలాయి. ఏటా ఫ్రీజింగ్ ఫీజు కడుతున్నాను. మన దగ్గర పదేళ్ళకు మించి దాచకూడదని చట్టం ఉంది. పోయినేడు సెంటర్ వాళ్ళు ఫారం పంపారు, పారేయమంటారా, పరిశోధనకు ఇస్తారా, ఇంకా ఉంచుతారా అని మూడు గడులు. నాకు నలభై మూడు. మళ్ళీ పెట్టించుకునే ఓపిక లేదు. టిక్కు పెట్టలేకపోయాను. ఫారం బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఫీజు మాత్రం ఫోన్‌పే చేశాను.

వాటిని నేను పిల్లలు అనను. పారేయమనీ అనలేను. ఇప్పుడు మీరు నన్ను ఏ పార్టీలో వేస్తారో వేయండి.

#27 ఎన్‌ఐసీయూ_నాన్న
లక్ష్మి గారూ, ఏ పార్టీలోనూ వేయం. ఆ బీరువా తలుపు మేమెవరం తీయం.

#28 అట్లాంటా_అల్లుడు
నేను ఒక ట్యాక్స్ గడి గురించి అడిగితే ఇంత దూరం వచ్చింది. అన్నీ మా ఆవిడకు చదివి వినిపిస్తున్నా. నర్సు గారి 28 వారాల పోస్టు దగ్గర ఆపేయమంది.

ఇంకో విషయం. ఇక్కడే అట్లాంటాలో 2025లో ఒక నర్సు బ్రెయిన్ డెడ్ అయింది. తొమ్మిది వారాల గర్భం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మెషిన్ల మీద ఉంచారు. చట్టం ప్రకారం మాకు వేరే దారి లేదని డాక్టర్లు చెప్పారని కుటుంబం అంది. చట్టం అలా అడగదని స్టేట్ అటార్నీ జనరల్ ఆఫీసు అంది. బాబు పుట్టాడు, 1 పౌండు 13 ఔన్సులు. అంటే #8 అన్న పాప కంటే వంద గ్రాములు తక్కువ. వద్దా కావాలా అని ఆ కుటుంబాన్ని ఎవరైనా అడిగారా అన్నది మా ఆవిడ ప్రశ్న. ఆ గడి ఇంకా నింపలేదు.

#29 బెజవాడ_ఏడోనెల
నింపెయ్ అన్నా. డైపర్లకు వస్తాయి.

#30 కొత్తగా_చేరాను_23
క్షమించాలి, చర్చ మధ్యలో వస్తున్నాను. నాకు ఇవాళ్టికి 23 వారాల 4 రోజులు. టిఫా స్కాన్ (బిడ్డలో లోపాలు చూసే స్కాన్) ఆలస్యంగా చేయించుకున్నాం, మాది పల్లె. బిడ్డ గుండెలో పెద్ద సమస్య అన్నారు. ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండె స్కాన్) చేయించమన్నారు, డేట్ నాలుగు రోజుల తర్వాత ఇచ్చారు. ఆస్పత్రిలో ఒక మేడమ్ "కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి" అంటున్నారు. మా ఆయన లాయర్‌కి ఎంతవుతుందో కనుక్కుంటున్నారు. ఏం చేయాలో నిర్ణయించుకోలేదు. టైం అయిపోతుందేమోనని భయంగా ఉంది.

#31 వరంగల్_వకీలు
అమ్మా, ఇప్పుడు కోర్టు అక్కర్లేదు. 24 నిండకపోతే, లోపం తీవ్రమైనదైతే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం చాలు. 24 దాటితే మెడికల్ బోర్డు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో బోర్డు జవాబు చెప్పాలని నిబంధన ఉంది. మీ పేరు బయటపెట్టడం నేరం, ఆ భయం వద్దు. లాయర్‌కి డబ్బు కట్టకండి. మెసేజ్ పెట్టండి, నేను ఊరికే చూస్తాను.

#32 స్కాన్‌రూం
ఎకో నాలుగు రోజులు ఆగొద్దు. వేరే సెంటర్‌లో రేపే అడగండి. మూడో నెలలో చేసిన స్కాన్ కాయితం ఉంటే వెంట తీసుకెళ్ళండి, వారాల లెక్కకు అదే ఆధారం. ఎకో అయ్యాక పిల్లల గుండె డాక్టరుతో ఒక్కసారి మాట్లాడండి. కొన్ని ఆపరేషన్‌తో బాగవుతాయి, కొన్ని కావు. అది తెలిశాక మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అది మీదే.

#33 కాలిపర్_కృష్ణ
చెల్లెమ్మా, పైన నేను రాసింది చదివి ఉంటారు. అది చట్టం మీద కోపం, మీ మీద కాదు. ఏం చేసినా దాన్ని మనసులో పెట్టుకోకండి.

#34 లకిడీకాపూల్_లక్ష్మి
హైదరాబాద్ రావాల్సి వస్తే లాడ్జీలో దిగొద్దు. మా ఇల్లు పెద్దాస్పత్రులకు దగ్గర, ముందు గది ఖాళీగానే ఉంది. వంట నేనే చేస్తాను, కారం తక్కువ. మెసేజ్‌లో నంబర్ పెట్టాను.

#35 కొత్తగా_చేరాను_23
ఎకో అయింది. స్కాన్ డాక్టర్ గారు చెప్పిన రెండో రకం. రిపోర్టు చేతికొచ్చేసరికి 24 దాటింది. బోర్డుకి రాశారు, రేపు పదకొండుకి రమ్మన్నారు. లక్ష్మి అక్క వాళ్ళింట్లోనే ఉన్నాం. మూడో నెల స్కాన్ కాయితం దొరికింది, రేషన్ కార్డు కవర్లో ఉంది.